కొట్టు కట్టేయకుండా గుమాస్తాని మార్చడం

అమ్మ మా దగ్గర ఆరు నెలలు ఉండి వెళ్దామని తెనాలి నుంచి వచ్చింది. వచ్చిన రెండో వారం, ఒక శనివారం అర్ధరాత్రి దాటాక మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చి, భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చున్న నన్ను చూసి కంగారు పడింది.

"ఏరా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నానమ్మా. ఆఫీసు పని. ఒక ప్రోగ్రాం మార్చాలి."

"రాత్రి రెండింటికా? పగలు మార్చకూడదూ?"

"పగలు జనం ఎక్కువగా వాడుతుంటారు. ఇప్పుడైతే కాస్త పలచగా ఉంటుంది."

"పోనీ ఒక పది నిమిషాలు ఆపేసి, మార్చుకుని, మళ్ళీ మొదలెట్టుకోండి. దానికింత జాగారం ఎందుకు?"

ఈ ప్రశ్న మన ఇళ్ళలో చాలామంది అడిగే ఉంటారు. భర్తో, భార్యో, కొడుకో, కోడలో అర్ధరాత్రి లేచి లాప్‌టాప్ తెరుచుకుంటే, పక్కవాళ్ళకి నిద్ర చెడడం తప్ప విషయం ఏమిటో తెలియదు. అందుకని ఈ నెల ఆ ప్రశ్నకే జవాబు చెబుదామనుకుంటున్నాను. ఐటీలో ఉన్నవాళ్ళకి ఇందులో కొంత తెలిసిన సంగతే. అయితే నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది కనుక వాళ్ళకీ ఉపయోగపడవచ్చు.

ముందు ఆ ప్రోగ్రాం ఏం చేస్తుందో చెప్పాలి. మీరు దుకాణంలో కార్డు గీకుతారు. ఆ సంగతి ఒక కబురుగా బయలుదేరుతుంది. అలాంటి కబుర్లు పగలూ రాత్రీ ఆగకుండా వస్తూనే ఉంటాయి. వెనకటికి ఇలాంటివన్నీ రోజంతా పోగుచేసి, రాత్రి ఒక్కసారి లెక్క చూసేవారు. జీతాల లెక్క, నెలవారీ బిల్లు ఇప్పటికీ అలాగే నడుస్తాయి. కానీ దొంగ ఎవరో మీ కార్డు వాడుతున్నాడని రేపు ఉదయం తెలిస్తే ఏం లాభం? అందుకని వచ్చిన కబురుని వచ్చినట్టే చూసే ప్రోగ్రాములు ఉన్నాయి. వీటిని స్ట్రీమ్ ప్రాసెసింగ్ అంటారు. నది ఒడ్డున నిలబడి పారే నీళ్ళని పరీక్షించడం లాంటిది. నీళ్ళు ఆగవు.

మా ప్రోగ్రాం పని ఇదీ: ఈ కార్డు ఇంతకుముందు ఇలాంటి చోట వాడారా, లేదా? వాడకపోతే, మొత్తం కూడా పెద్దదైతే, "ఇది మీరేనా?" అని ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. జవాబు వచ్చేదాకా కార్డుని నిలుపుతుంది. ఇది తేల్చాలంటే ఒక్కొక్క కార్డు గురించి పాత సంగతులు గుర్తుండాలి. ఆ జ్ఞాపకాన్నే మా భాషలో స్టేట్ అంటారు. ప్రోగ్రాం నడుస్తున్నకొద్దీ అది పెరుగుతూ ఉంటుంది. మేము కొత్త ప్రోగ్రాం పెట్టాలంటే చిక్కంతా అక్కడే.

అమ్మకి ఇదంతా చెబుతుంటే నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అంటే మన కొట్లో గుమాస్తా మారినట్టు" అంది.

మా తాతయ్యకి తెనాలిలో కిరాణా కొట్టు ఉండేది. అరువు బేరాలే ఎక్కువ. అమ్మ పెళ్ళై వచ్చిన కొత్తలో, దస్తూరీ బాగుందని సాయంత్రాలు లెక్కలు ఆవిడ చేత రాయించేవారట. కొట్లో రెండు పుస్తకాలు. ఒకటి చిట్టా. ఎవరు వచ్చి ఏం తీసుకెళ్ళినా వచ్చిన వరసలో అందులో రాసేస్తారు. రెండోది ఆవర్జా. అందులో ఒక్కొక్క ఖాతాదారుకి ఒక పేజీ. చిట్టాలోని పద్దులు ఒక్కొక్కటే తీసి, ఎవరి పేజీకి వాళ్ళది ఎక్కిస్తే, ఎవరు ఎంత బాకీయో తెలుస్తుంది.

మా కంప్యూటర్ల పద్ధతి కూడా సరిగ్గా ఇదే. మా చిట్టా పేరు కాఫ్కా. లింక్డ్‌ఇన్ సంస్థలో తయారై, 2011లో అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. వచ్చిన కబుర్లన్నిటికీ వరస సంఖ్య వేసి దాచి ఉంచుతుంది. మనం వేరే చెప్పకపోతే 7 రోజుల పాటు ఉంచుతుంది. ఆ చిట్టా చదివి ఆవర్జాకి ఎక్కించే గుమాస్తా పేరు ఫ్లింక్. బెర్లిన్ విశ్వవిద్యాలయ పరిశోధనల్లో పుట్టి, 2014లో అపాచీ సంస్థ నీడకి చేరింది. జర్మన్ భాషలో ఆ మాటకి చురుకైనది అని అర్థం. అందుకే దాని గుర్తు ఉడుత.

కాబట్టి పది నిమిషాలు ఆపితే కబుర్లేమీ పోవు. చిట్టాలో పడి ఉంటాయి. ఆ పది నిమిషాల్లో దొంగ దొరకడు, అది ఒక నష్టం. అంతకన్నా పెద్ద ప్రశ్న, పాత గుమాస్తా లేచి వెళ్ళాక కొత్తవాడికి ఆవర్జా సరిగ్గా అందుతుందా అన్నది.

"మరి మన కొట్లో గుమాస్తా మారినప్పుడు ఏం చేసేవారు?" అని అడిగాను.

"ఏముంది? చిట్టాలో ఏ పద్దు దాకా ఆవర్జాకి ఎక్కిందో అక్కడ మావయ్యగారు ఎర్రసిరాతో అడ్డగీత గీసేవారు. గీతకి పైనున్నవి పాతవాడి లెక్క, కిందవి కొత్తవాడి లెక్క. గీత లేకపోతే వాడు ఎక్కించినవే మళ్ళీ ఎక్కిస్తాడు, లేదా ఎక్కించనివి వదిలేస్తాడు."

ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. సేవ్‌పాయింట్ అంటే ఏమిటో ఇంతకన్నా తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు. సేవ్‌పాయింట్ అంటే రెండు సంగతులు కలిపి ఒకచోట భద్రం చేయడం: ఆవర్జా నకలు, చిట్టాలో ఎక్కడిదాకా వచ్చామన్న గీత. రెండూ ఒకే క్షణానివి కావాలి. ఆవర్జా నిన్న సాయంత్రానిది, గీత ఈ ఉదయానిది అయితే నడుమ ఉన్న పద్దులు గాలికి పోయినట్టే.

ఒక్క గుమాస్తా ఉంటే ఇది కష్టం కాదు. మాకు వందల మంది గుమాస్తాలు, వేరువేరు కంప్యూటర్లలో. ఒకరు చూసి ఇంకొకరికి చీటీలు అందిస్తూ ఉంటారు. ఎవరి పనీ ఆపకుండా, అందరి ఆవర్జాలూ ఒకే గీత దగ్గర నకలు తీయడం ఎలా?

దీనికి దారి చూపినవాళ్ళు ఇద్దరు. ఒకరు లెస్లీ లాంపోర్ట్. రెండోవారు మణి చాంది, 1965లో మద్రాసు ఐఐటీలో చదువు ముగించి అమెరికా వచ్చినవారు. చాంది ఆస్టిన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఉండగా లాంపోర్ట్ చూడ్డానికి వెళ్ళారట. రాత్రి భోజనాల దగ్గర చాంది ఈ చిక్కుముడి ముందు పెట్టారు. అప్పటికే ఇద్దరూ వైన్ కాస్త ఎక్కువ పుచ్చుకోవడంతో ఆలోచన సాగలేదు. మర్నాడు పొద్దున స్నానం చేస్తుండగా లాంపోర్ట్‌కి జవాబు తట్టింది. చెబుదామని చాంది గదికి వెళ్తే, ఆయన అదే జవాబుతో ఎదురుచూస్తున్నారు. ఈ సంగతి లాంపోర్టే రాసుకున్నారు. వాళ్ళ పరిశోధన పత్రం 1985లో అచ్చయింది. ఫ్లింక్ పద్ధతికి మూలం అదే.

ఆ పద్ధతి ఇది. చీటీల వరస నడుమ ఒక ఎర్రగీత చీటీ కూడా వదులుతారు. అది చేరినవాళ్ళు ఆ క్షణాన ఉన్న తమ ఆవర్జాకి నకలు తీసుకుని, గీతను తర్వాతివాళ్ళకి పంపి, మళ్ళీ పనిలో పడతారు. రెండు వైపుల నుంచి చీటీలు అందుకునేవాళ్ళు, ముందు గీత వచ్చిన వైపు చీటీలని ముట్టుకోకుండా రెండో గీత వచ్చేదాకా ఆగుతారు. గీత చివరిదాకా చేరేసరికి అందరి నకళ్ళూ తయారు. కొట్టు మూయలేదు, ఎవరూ కలం కింద పెట్టలేదు.

అలా నకలు భద్రం చేశాక పాత ప్రోగ్రాంని ఆపి, కొత్త ప్రోగ్రాంకి ఆ నకలు ఇచ్చి, గీత దగ్గర నుంచి మొదలుపెట్టమంటాం. మధ్యలో ఆగేది కొద్ది నిమిషాలు. అంత బాగా నడిచేదానికి జాగారం ఎందుకంటారా? ఇక్కడే నా పొరపాటు సంగతి చెప్పాలి.

మూడేళ్ళ క్రితం మాట. అప్పుడు వేరే కంపెనీలో ఉన్నాను, పని మాత్రం ఇలాంటిదే. పనికిరాని కబుర్లని ముందే ఏరి పారేసే చిన్న మెట్టు ఒకటి ప్రోగ్రాం నడుమ కలిపాను. పది పంక్తులు కూడా ఉండదు. రాత్రి రెండున్నరకి సేవ్‌పాయింట్ తీసి, పాతది ఆపి, కొత్తది మొదలుపెట్టాను. అది మొరాయించింది. "పాత జ్ఞాపకంలోని ఈ భాగం కొత్త ప్రోగ్రాంలో ఎవరిదో తెలియడం లేదు" అన్నది దాని ఫిర్యాదు.

జరిగిందేమిటంటే, ఫ్లింక్‌లో జ్ఞాపకం ఉంచుకునే ప్రతి మెట్టుకీ మనం ఒక పేరు పెట్టుకోవచ్చు. పెట్టకపోతే ప్రోగ్రాంలో ఆ మెట్టు ఎక్కడుంది, దాని ముందూ వెనకా ఏమున్నాయి అన్నది చూసి అదే ఒక పేరు తయారుచేసుకుంటుంది. నేను పేర్లు పెట్టలేదు. నడుమ కొత్త మెట్టు వచ్చేసరికి ఆ లెక్క మారి, పేర్లు మారిపోయాయి. ఆవర్జా ఉంది, పేజీలున్నాయి, ఎవరి పేజీయో తెలియదు.

అలాంటప్పుడు వాడడానికి ఒక మీట ఉంది: "పోలిక దొరకనివి వదిలేసి మొదలుపెట్టు" అని. మనం కావాలనే ఒక మెట్టుని తీసేసినప్పుడు వాడాల్సినది. నాకు నిద్రమత్తు, పైగా ప్రోగ్రాం ఆగి పది నిమిషాలు దాటిపోయింది. మీట నొక్కాను. ప్రోగ్రాం లేచింది. తెర మీద గుర్తులన్నీ పచ్చగా ఉన్నాయి. హమ్మయ్య అనుకుని పడుకున్నాను.

ఏడున్నరకి ఫోన్. కొత్త ప్రోగ్రాంకి ఏ కార్డు గురించీ ఏమీ గుర్తులేదు. దాని దృష్టిలో ప్రతి ఒక్కరూ ప్రతి చోటా మొదటిసారి కార్డు వాడుతున్నారు. అందరికీ "ఇది మీరేనా?" మెసేజ్‌లు, కార్డుల నిలుపుదల. ఫిర్యాదుల్లో ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒకావిడ తెల్లవారుజామున ఆసుపత్రి నుంచి నేరుగా మందుల షాపుకి వెళ్ళింది, పిల్లాడికి జ్వరం. కార్డు పనిచేయలేదు. ఫోన్ ఇంట్లో మర్చిపోయి వచ్చింది, మెసేజ్‌కి జవాబు ఎలా ఇస్తుంది? వెనక వరసలో ఉన్న ఎవరో డబ్బు కట్టారట. ఎప్పటి నుంచో అదే షాపులో అదే కార్డు వాడుతున్న మనిషి. ఆవిడ ఎవరో ఆ కార్డుకి బాగా తెలుసు. నేను మరిపించాను.

బాగుచేసుకోవడానికి వీలు చిక్కింది, ఎందుకంటే పాత సేవ్‌పాయింట్‌ని చెరపలేదు. కొత్త ప్రోగ్రాంలోని ఒక్కొక్క మెట్టుకీ "పాత పుస్తకంలో నీ పేరు ఇది" అని వేలుపెట్టి చూపించే సౌకర్యం ఫ్లింక్‌లో ఉంది. అలా పేర్లు కలిపి, పాత గీత దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. అప్పుడు ఇంకో చిక్కు. గీత రాత్రి రెండున్నరది. అప్పటి నుంచి జరిగిన ఐదారు గంటల కబుర్లని ప్రోగ్రాం మళ్ళీ చదువుతుంది. ఆవర్జా వరకు దోషం లేదు, పాత నకలు మీదే రాస్తుంది కాబట్టి ఏదీ రెండుసార్లు ఎక్కదు. కానీ మెసేజ్‌లు? ఒకసారి ఫోన్‌కి చేరిన మెసేజ్‌ని వెనక్కి తేలేం. తిరగ చదివేటప్పుడు మళ్ళీ వెళ్ళకూడదు. అందుకని ఆ గంటల కబుర్లకి నోరు మూసి ఉంచేలా రాసి, తర్వాత తెరిచాం. మధ్యాహ్నం దాటింది.

ఇది చెప్పగానే అమ్మ నవ్వింది. "మన పాత గుమాస్తా కూడా అంతేరా. ఆవర్జాలో పేర్లు రాసేవాడు కాదు. రామాలయం వీధి నాలుగో ఇల్లు, ఐదో ఇల్లు, ఇలా రాసుకునేవాడు. వాడికి తెలుసు కదా. తర్వాత ఆ వీధిలో రెండో ఇంటి పక్కన ఖాళీ స్థలంలో ఎవరో ఇల్లు కట్టారు. వాడు మానేశాక వచ్చినవాడు ఇళ్ళు లెక్కపెట్టుకుని బాకీ అడగడానికి వెళ్ళాడు. ఐదో ఇంటాయన కొట్టు మీదికి దెబ్బలాటకొచ్చాడు, నా బాకీ తీర్చేశాను కదా అని."

"తాతయ్య ఏం చేశారు?"

"ఆ రాత్రి నన్నూ మీ నాన్ననీ కూర్చోబెట్టి ఆవర్జా అంతా తిరగ రాయించారు. ఇంటిపేరుతో సహా."

నేను చేసిందీ అదే. ఆ రోజు నుంచి జ్ఞాపకం ఉంచుకునే ప్రతి మెట్టుకీ పేరు లేనిదే నా ప్రోగ్రాం గడప దాటదు. ప్రోగ్రాంలో దాని చోటు మారినా ఆ పేరు మారదు.

పేర్ల విషయంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది: పాత పేరుని కొత్త పనికి వాడకూడదు. 2012 ఆగస్టు 1న అమెరికా షేర్ మార్కెట్లో నైట్ క్యాపిటల్ అనే సంస్థకి జరిగింది ఇలాంటిదే. షేర్ల ఆర్డర్లు పంపే కొత్త ప్రోగ్రాంని 8 సర్వర్లలో పెట్టాల్సి ఉండగా 7 సర్వర్లలోనే పెట్టారు, ఒకటి మిగిలిపోయింది. ఎప్పుడో వాడడం మానేసిన పాత పనికి గుర్తుగా ఉన్న ఒక సంకేతాన్నే కొత్త ప్రోగ్రాంలో వేరే అర్థంతో వాడుకున్నారు. మిగిలిపోయిన ఆ ఎనిమిదో సర్వర్ సంకేతాన్ని పాత అర్థంలోనే తీసుకుని ఆర్డర్లు గుప్పించడం మొదలుపెట్టింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్ల నష్టం. కొద్ది నెలలకే ఆ సంస్థ వేరే సంస్థలో కలిసిపోవాల్సి వచ్చింది.

పుస్తకంలో గడులు మార్చేటప్పుడూ ఇలాంటి పట్టింపులే. ఆవర్జా పేజీలో "ఫోన్ నంబర్" అని కొత్త గడి కలపవచ్చు, పాత పేజీల్లో అది ఖాళీగా ఉంటుంది, ఇబ్బంది లేదు. అక్కర్లేని గడి తీసేయవచ్చు. కానీ పేజీలు కార్డు నంబరు మీద కట్టినవైతే, వాటిని అలాగే ఉంచి రేపటి నుంచి మనిషి పేరు మీద వెతుకుతానంటే కుదరదు. ఆవర్జా అంతా మొదటి నుంచి కట్టుకోవాల్సిందే.

కొన్ని చోట్ల ఆ కొద్ది నిమిషాలు ఆపడం కూడా వీలుపడదు. అక్కడ కొత్త గుమాస్తాని పాతవాడి పక్కనే కూర్చోబెడతారు. ఇద్దరూ ఒకే చిట్టా చదువుతారు, ఎవరి ఆవర్జా వాళ్ళు రాస్తారు. కొత్తవాడు ఏదీ బయటికి చెప్పడు. ఇద్దరి లెక్కలూ కొన్ని రోజులు పోల్చి చూసి, సరిపోయాక పాతవాడిని పంపేస్తారు. ఖర్చు రెండింతలు, నిద్ర మాత్రం పడుతుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు తయారుచేసిన ఎరిక్‌సన్ వాళ్ళయితే, మాట్లాడుతున్న కాల్ తెగకుండా ప్రోగ్రాం మార్చగలగాలని, 1986లోనే ఎర్లాంగ్ అనే భాష మొదలుపెట్టారు. అందులో ఒకే మాడ్యూల్ పాత రూపం, కొత్త రూపం రెండూ ఒకేసారి బతికి ఉంటాయి. పాత పనులు పాతదానితో ముగుస్తాయి, కొత్తవి కొత్తదానితో మొదలవుతాయి.

అసలు మార్చాల్సిన అవసరమే తగ్గించుకోవడం ఇంకో ఉపాయం. "ఎంత మొత్తం దాటితే మెసేజ్ పంపాలి" లాంటి నియమాలని ప్రోగ్రాంలో రాసేయకుండా, అవి కూడా కబుర్ల లాగే ప్రవాహంలో వచ్చేలా చేస్తే, నియమం మారినప్పుడు గుమాస్తాకి ఒక చీటీ పంపితే చాలు. గుమాస్తానే మార్చక్కర్లేదు.

ఆ శనివారం రాత్రి నా పని ఇలా సాగింది. ముందురోజే నిజమైన సేవ్‌పాయింట్ నకలు మీద కొత్త ప్రోగ్రాంని వేరే చోట నడిపి చూశాను. పేర్లన్నీ కలిశాయి. రాత్రి సేవ్‌పాయింట్ తీశాను, పాతది ఆపాను, కొత్తది మొదలుపెట్టాను. నాలుగు నిమిషాలు. తర్వాత గుర్తులు పచ్చగా ఉన్నాయా అని చూడలేదు. పాత సేవ్‌పాయింట్‌లో ఎన్ని కార్డుల జ్ఞాపకం ఉందో, కొత్త ప్రోగ్రాంలో ఎన్ని ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూశాను. అందరూ ఉన్నారు. ఇంకో అరగంట మెసేజ్‌ల లెక్క చూస్తూ కూర్చున్నాను, రోజూ ఆ వేళకి వెళ్ళేటన్నే వెళ్తున్నాయి. పాత నకలుని వారం దాకా చెరపవద్దని రాసిపెట్టాను.

అమ్మ పడుకోలేదు. బల్లకి అటువైపు కూర్చుని ఉంది.

"అయిందా?"

"అయిందమ్మా."

"ఎవరి పేజీ అన్నా పోయిందా?"

"పోలేదు."

"అయితే పడుకో" అని గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

మీ ఇంట్లో ఎవరైనా అర్ధరాత్రి ఇలాంటి పని పెట్టుకుని కూర్చుంటే, "ఆపి మార్చకూడదా" అనడానికి బదులు మా అమ్మ అడిగిన ఆ చివరి ప్రశ్న అడిగి చూడండి. జవాబు చెప్పడానికి వాళ్ళు తడుముకుంటే, పడుకోబోయే ముందు ఇంకోసారి చూసుకోమని చెప్పండి. వచ్చే నెల ఇంకో సంగతితో కలుద్దాం.